కంప్యూటర్ చల్లగా ఉండాలా, గది నిశ్శబ్దంగా ఉండాలా?

మన హాస్టల్ స్టడీ రూంలో కంప్యూటర్ గురించి మొదలైన తగాదా ఇక్కడ ఉంటున్న తమ్ముళ్లందరికీ తెలిసిందే. అయినా ఈ సంచిక చదివే పూర్వ విద్యార్థుల కోసం, తల్లిదండ్రుల కోసం క్లుప్తంగా చెబుతాం. ప్రస్తుతం పీజీ చదువుతున్న మా పాత బ్యాచ్ వాళ్లం నలుగురం తలా కొంత వేసుకుని, సెకండ్‌హ్యాండ్‌లో ఒక గేమింగ్ కంప్యూటర్ కొని దర్శి తెచ్చాం. గేమింగ్ కంప్యూటరే ఎందుకని కొందరు అడిగారు. ఆటలకు పనికొచ్చే గ్రాఫిక్స్ కార్డే వీడియో ఎడిటింగ్‌కు, త్రీడీ బొమ్మలకు, ఇప్పుడు అందరి నోళ్లలో నానుతున్న ఏఐ ప్రోగ్రాములకు కూడా పనికొస్తుంది. ఆటలకు కాదని మాత్రం చెప్పం. ఆటలకు కూడా.

వచ్చిన మొదటి రోజు నుంచే అది హోరు పెట్టింది. పదవ తరగతి తమ్ముళ్లు పరీక్షలకు కూర్చున్న వేళ, రైసు మిల్లు పక్కన పుస్తకం తెరిచినట్టయింది వాళ్ల పరిస్థితి. దాంతో హాస్టల్ రెండు వర్గాలైంది. "బీరువాలో పెట్టి తాళం వేద్దాం, పరీక్షలయ్యాక చూసుకుందాం" అని ఒక వర్గం. "పక్క డోరు ఊడదీసి టేబుల్ ఫ్యాను తిప్పుదాం, ఇంకో రెండు ఫ్యాన్లు కొందాం" అని ఇంకో వర్గం. మొదటి వర్గానికి చదువు మీద ప్రేమ, రెండో వర్గానికి మిషను మీద ప్రేమ. ఇద్దరినీ తప్పు పట్టలేం. కానీ ఈ రెండు మార్గాలూ మాకు సమ్మతం కావు.

మా అభిప్రాయం ఇది. ఎంత చల్లగా ఉంటే అంత మంచిది అనే లెక్క ఒంటరిగా ఒక గదిలో ఉండేవాడికి చెల్లుతుందేమో గాని, ముప్ఫై మంది కూర్చుని చదివే గదిలో చెల్లదు. మిషను దెబ్బతినకుండా ఉండేంత చల్లదనం చాలు. ఆ పైన చేయగలిగినదంతా చప్పుడు తగ్గించటానికే చేయాలి. ఇందుకు డబ్బు పెద్దగా అక్కర్లేదు. గాలికి దారి చూపటం తెలియాలి. ఆ విద్య మన ఇళ్లలో ఇప్పటికే ఉంది.

ముందు వేడి సంగతి చూద్దాం. గోడ ప్లగ్గులోంచి కంప్యూటర్ ఎంత కరెంటు తీసుకుంటుందో దాదాపు అంతా చివరికి వేడిగానే మారి గదిలోకి వస్తుంది. పెద్ద ఆట నడుస్తున్నప్పుడు ఇలాంటి మిషను 300 వాట్లు తీసుకుంటుంది అనుకుందాం. ఊరికే కూర్చున్న మనిషి ఒంట్లోంచి వచ్చే వేడి సుమారు 100 వాట్లు. అంటే ఆ పెట్టెలో ముగ్గురు కుర్రాళ్లను కుక్కి మూత వేసినట్టు. ఇందులో ఫ్యాను చేసేదేమిటి? ఫ్యాను చల్లదనం పుట్టించదు. వేడిని గాలి మీద ఎక్కించి బయటికి మోసుకుపోతుంది, అంతే. గదిలో 38 డిగ్రీలు ఉంటే లక్ష రూపాయల ఫ్యాన్లు పెట్టినా పెట్టె లోపల 37 కాదు. స్లాబు ఇంట్లో ఏప్రిల్ నెల సాయంత్రం ఎలా ఉంటుందో దర్శి వాళ్లకు చెప్పక్కర్లేదు.

ఇక్కడ చిన్న లెక్క ఉంది, ఇంటర్ ఫిజిక్స్ చదివిన ఎవరైనా వేసుకోవచ్చు. 300 వాట్ల వేడిని మోస్తూ లోపలి గాలి గది కంటే 10 డిగ్రీలు మాత్రమే వేడెక్కాలంటే, నిమిషానికి సుమారు ఒకటిన్నర ఘనమీటర్ల గాలి ఆ పెట్టెలోంచి పోవాలి. ఆ 10ని 5 చేయాలంటే గాలి రెట్టింపు కావాలి. రెండున్నర చేయాలంటే నాలుగు రెట్లు. మొదటి అయిదు డిగ్రీలు చవకగా వస్తాయి, తర్వాతి రెండున్నర డిగ్రీలకు చెవులు తాకట్టు పెట్టాలి.

ఎందుకంటే ఫ్యాను వేగానికి, చప్పుడుకు ఉన్న సంబంధం చాలా కఠినమైనది. వేగం రెట్టింపు చేస్తే గాలి రెట్టింపు అవుతుంది, చప్పుడు మాత్రం ఇంచుమించు 15 డెసిబెల్స్ పెరుగుతుంది. డెసిబెల్ లెక్కలో పది పెరిగితే మన చెవికి రెట్టింపు చప్పుడుగా తోస్తుంది. అదే, వేగం పెంచకుండా అలాంటి ఫ్యాను ఇంకొకటి పక్కన పెడితే పెరిగేది 3 డెసిబెల్సే. కాబట్టి హోరుమని తిరిగే ఒక్క ఫ్యాను చేసే పనిని సగం వేగంతో తిరిగే రెండు ఫ్యాన్లు 12 డెసిబెల్స్ తక్కువ చప్పుడుతో చేస్తాయి. పెద్ద రెక్కలు, నెమ్మది తిరుగుడు. మన సీలింగ్ ఫ్యాను పద్ధతి కూడా అదే.

అయితే దీనికొక మెలిక ఉంది. వేగం సగమైతే ఫ్యాను గాలిని నెట్టే ఒత్తిడి సగం కాదు, పావు వంతుకు పడిపోతుంది. దారి సాఫీగా ఉంటే నెమ్మది ఫ్యాను బాగానే పనిచేస్తుంది. దారిలో అడ్డం ఉంటే, జాలీలో దుమ్ము పేరుకుంటే, అది ఉత్తినే తిరుగుతుంది. అంటే నిశ్శబ్దం కావాలనుకునేవాడు ముందు దారి శుభ్రం చేసుకోవాలి.

మేము కొన్న మిషనుకు ఆ దారే లేదు. ముందువైపు నిలువెత్తు అద్దం. దాని వెనుక మూడు ఫ్యాన్లు. లోపల కోటప్పకొండ తిరునాళ్ల ప్రభలాగా రంగురంగుల లైట్లు. చూడటానికి కన్నులపండుగే. కానీ అద్దం పక్కన ఉన్న వేలెడు సందులోంచే గాలి లోపలికి రావాలి. పైగా అమ్మిన షాపువాళ్లు ఫ్యాన్లను మదర్‌బోర్డుకు కలపకుండా నేరుగా పవర్ సప్లై వైరుకు తగిలించారు. దాంతో అవి ఎప్పుడూ 12 వోల్టుల మీద, పూర్తి వేగంతోనే తిరుగుతాయి. మిషను ఖాళీగా ఉన్నా హోరే, ఆట ఆడినా హోరే. ఆ హోరు చూసి "మంచి పవరుంది" అనుకునేవాళ్లు ఉన్నారు!

మాలో ఒకరి నాన్నగారు పొగాకు బ్యారన్ల దగ్గర కూలికి వెళ్లి మమ్మల్ని చదివించినవారు. మా ఇళ్లల్లో డిగ్రీ పట్టా చూసిన మొదటి తరం మేమే. ఆయన ఆ పెట్టెను అటూ ఇటూ తిప్పి చూసి ఒకే మాట అడిగారు. "ఏం అబ్బాయ్, దీనికి గాలి యాడనుంచి వస్తంది, యాడికి పోతంది?"

దర్శి, పొదిలి వైపు పెరిగినవాళ్లకు బ్యారన్ గురించి చెప్పాల్సిన పని లేదు. అయినా పట్నం నుంచి వచ్చిన మిత్రులకు చెబుతాం. బయట పొయ్యిలో మంట. ఆ వేడి లోపల నేల మీద పరిచిన ఇనప గొట్టాల్లోంచి పోతుంది. పైన కర్రలకు కట్టిన పచ్చాకు. గోడల అడుగున వెంటిలేటర్లు, కప్పులో వెంటిలేటర్లు. ఆకు పసుపు తిరిగే దశలో అన్నీ దాదాపు మూసే ఉంచుతారు. ఆకు ఆరే దశలో తేమ బయటికి పోవాలి కాబట్టి కిందవీ పైవీ తెరుస్తారు. ఈనె ఆరే దశకు వచ్చేసరికి క్రమంగా మళ్లీ మూసి, వేడిని 160 ఫారన్‌హీట్ దాకా తీసుకెళ్తారు. అయిదారు రోజులు రాత్రింబవళ్లు థర్మామీటర్ చూసుకుంటూ, కట్టె ఎగదోస్తూ, తగ్గిస్తూ కూర్చునే మనిషికి గాలి లెక్క పుస్తకంలో ఉండదు, వేళ్లలో ఉంటుంది. పై వెంటిలేటర్ తెరిచి కిందిది మూస్తే ఏమవుతుందో ఆయనకు తెలుసు. మేము ఎమ్మెస్సీలో చదివినది అదే, కాకపోతే ఇంగ్లీషులో.

కంప్యూటర్ పెట్టె కూడా ఒక చిన్న బ్యారనే. తేడా ఏమిటంటే అక్కడ వేడిని దాచుకోవాలి, ఇక్కడ వదిలించుకోవాలి. ముందునుంచి, కిందినుంచి చల్లగాలి రావాలి. గ్రాఫిక్స్ కార్డు మీదుగా, ప్రాసెసర్ మీదుగా సాగి, వెనుకనుంచి, పైనుంచి వేడిగాలి పోవాలి. ముందు రెండు లోపలికి, వెనుక ఒకటి బయటికి, అంతే చాలు. ఏ ఫ్యాను ఎటు ఊదుతుందో తెలుసుకోవటానికి పెద్ద చదువు అవసరం లేదు. మోటారును పట్టి ఉంచే ప్లాస్టిక్ కడ్డీలు ఏవైపు ఉంటాయో సాధారణంగా గాలి అటే వస్తుంది. నమ్మకం లేకపోతే అగరుబత్తి వెలిగించి ఒక్కో జాలీ దగ్గర పెట్టి చూడండి. పొగ లోపలికి పీల్చుకుంటుందా, బయటికి తోసేస్తుందా కళ్లముందే కనిపిస్తుంది. మేము అలాగే చూశాం. అద్దం ఉన్నంతసేపూ ముందు ఫ్యాన్ల దగ్గర పొగ అక్కడే సుళ్లు తిరిగింది. అద్దం తీసేశాక తిన్నగా లోపలికి పోయింది.

లోపలికి వచ్చే గాలి బయటికి పోయే గాలి కంటే కాస్త ఎక్కువ ఉండాలని మా పట్టుదల. దీనికి కారణం మన ఊరే. పత్తి తీసే రోజుల్లో గాలిలో నూగు. మిర్చి కల్లాల రోజుల్లో ముక్కు మంటెత్తే దుమ్ము. మిగిలిన రోజుల్లో రోడ్డు దుమ్ము ఎలాగూ ఉంది. లోపలినుంచి బయటికి లాగే ఫ్యాన్లే ఎక్కువైతే, పెట్టెలో ఉన్న ప్రతి సందులోంచి, ప్రతి స్క్రూ రంధ్రంలోంచి ఈ దుమ్మంతా లోపలికి చొరబడుతుంది. లోపలికి నెట్టే గాలి ఎక్కువైతే సందుల్లోంచి గాలి బయటికే పోతుంది. అప్పుడు దుమ్ము రావటానికి ముందున్న జాలీ ఒక్కటే దారి. ఆ ఒక్కదాన్ని తుడుచుకుంటే సరిపోతుంది. ఇంటికి పది తలుపులుంటే కాపలా కష్టం, ఒకటుంటే తేలిక.

పక్క డోరు తీసేద్దామన్న వర్గానికి ఇక్కడ మా సమాధానం. డోరు తీస్తే చల్లబడే మాట నిజం. దారి లేని పెట్టెకు డోరు తీయటం తప్పకుండా మేలు చేస్తుంది. కానీ నెల తిరక్కముందే గ్రాఫిక్స్ కార్డు రెక్కల మధ్య నూగు పరుపులా పేరుకుంటుంది. బల్లులు ఎక్కడ వెచ్చగా ఉంటే అక్కడికి చేరతాయి. తిరుగుతున్న ఫ్యానులో వేలు పెట్టే ఆరో తరగతి బుడతలూ మన దగ్గర ఉన్నారు. అన్నిటికంటే ముఖ్యం, చప్పుడును కాస్తో కూస్తో ఆపే గోడే ఆ డోరు. దాన్ని తీసి, పైన టేబుల్ ఫ్యాను తిప్పితే పదవ తరగతి వాళ్లకు ఒక హోరు బదులు రెండు.

ఎంత చప్పుడైతే తక్కువ అనాలి? ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లో ఇచ్చిన సూచనల్లో తరగతి గదిలో పాఠం జరిగేటప్పుడు వెనుక చప్పుడు 35 డెసిబెల్స్, పడకగదిలో 30 మించకూడదని ఉంది. మన దేశంలో 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాలు నివాస ప్రాంతాలకు పగలు 55, రాత్రి 45 అని హద్దు పెట్టాయి. నిజం చెప్పాలంటే 30, 35 అనేవి మన స్టడీ రూంలో కలలో మాట. పాత సీలింగ్ ఫ్యాన్లే అంతకంటే ఎక్కువ చప్పుడు చేస్తాయి. కాబట్టి మేము పెట్టుకున్న కొలత సులువైనది. సీలింగ్ ఫ్యాన్లు తిరుగుతుండగా మూడో బెంచీలో కూర్చున్నవాడికి కంప్యూటర్ ఆన్‌లో ఉందో లేదో చెవితో తెలియకూడదు. యంత్రం అక్కర్లేదు, మూడో బెంచీలో ఒక కుర్రాడు చాలు.

ఇంకొక సంగతి. ఒకే స్థాయిలో సాగే చప్పుడును మన మెదడు కాసేపటికి పక్కన పెడుతుంది. లేచి పడే చప్పుడును పెట్టలేదు. రెండు నిమిషాలకొకసారి ఫ్యాను బుస్సుమని లేచి మళ్లీ తగ్గితే చదివేవాడు ప్రతిసారీ తల ఎత్తుతాడు. అందుకే ఫ్యాన్లను మదర్‌బోర్డుకు కలిపి, బయోస్‌లో వేగం మెట్టుమెట్టుగా కాకుండా ఏటవాలుగా, నిదానంగా పెరిగేలా పెట్టాం. ప్రాసెసర్ ఒక్క క్షణం వేడెక్కితే ఫ్యాను ఉలిక్కిపడాల్సిన అవసరం లేదు.

అలా నెమ్మదిగా తిరిగితే మిషను కాలిపోదా అని భయపడేవారున్నారు. ఇంటెల్ అయినా ఏఎండీ అయినా ఈమధ్య కాలపు ప్రాసెసర్లు చాలావరకు 95 నుంచి 100 డిగ్రీలకు చేరితే తమంతట తామే వేగం తగ్గించుకుంటాయి. గ్రాఫిక్స్ కార్డులు ఎనభైల దగ్గర ఆ పని చేస్తాయి. 70, 75 కనబడగానే గుండె బాదుకోవటం అనవసరం. హార్డ్ డిస్క్ ఒక్కటి మాత్రం సున్నితం, దాన్ని అరవైకి చాలా దిగువనే ఉంచాలి. మనం ముందు ఫ్యానుకు ఎదురుగా బిగించాం.

ఇంతవరకూ చెప్పింది వేడిని బయటికి పంపటం గురించి. అసలు మంటే తగ్గిస్తే? బ్యారన్ మనిషికి వెంటిలేటర్ కంటే ముందు గుర్తొచ్చేది పొయ్యిలో కట్టె. మన మానిటర్ సెకనుకు 60 బొమ్మలే చూపగలదు. కార్డు మాత్రం 130, 140 తయారుచేస్తూ కూర్చుంటుంది. చూపించలేని బొమ్మల కోసం కరెంటు, వేడి, హోరు. సెట్టింగుల్లో 60 దగ్గర హద్దు పెడితే ఆట అదే, చెమట తక్కువ. కార్డు తీసుకునే పవరుకు కూడా ఒక హద్దు పెట్టుకోవచ్చు, ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేరే ఆ పని చేస్తుంది. పైసా ఖర్చు లేని ఈ రెండు పనులే అన్నిటికంటే ఎక్కువ ఫలితం ఇచ్చాయి.

పెద్ద పెద్ద కంపెనీలూ ఇదే దారిలో నడిచాయి. పెంటియం 4 రోజుల్లో ప్రాసెసర్లు విపరీతంగా వేడెక్కుతుంటే, ఇంటెల్ 2004లో గాలి సూటిగా సాగేలా బీటీఎక్స్ అనే కొత్త పెట్టె నమూనా తెచ్చింది. ఆలోచన మంచిదే. కానీ 2006లో అదే కంపెనీ తక్కువ కరెంటుతో నడిచే కోర్ 2 ప్రాసెసర్లు తేవటంతో ఆ పెట్టె అవసరమే తప్పిపోయింది. అదే ఏడాది దాన్ని పక్కన పెట్టేశారు. 1995 నాటి ఏటీఎక్స్ నమూనా పెట్టెలే ఇప్పటికీ మన బల్లల మీద ఉన్నాయి.

బీరువా వర్గానికి చెప్పాల్సింది మిగిలింది. తమ్ముళ్లారా, మీ కోపం న్యాయమైనదే. పదవ తరగతి పరీక్ష మన పిల్లలకు మళ్లీ మళ్లీ వచ్చే అవకాశం కాదు. దాని ముందు ఏ ఆటా లెక్కలోకి రాదు. స్టడీ అవర్‌లో ఆటలు వద్దని మేము కూడా గట్టిగా అంటాం. కానీ తాళం వేసిన వస్తువు మన హాస్టళ్లలో మళ్లీ తెరుచుకోవటం మేము పెద్దగా చూడలేదు. "ముట్టుకోకండి, పాడవుతుంది" అన్న మాట విని పెరిగినవాళ్లం మనం. పట్నంలో డబ్బున్న ఇంటి కుర్రాడు పదో ఏటే పెట్టె విప్పి చూస్తాడు, ఒకటి చెడగొడితే వాళ్ల నాన్న ఇంకొకటి కొంటాడు. మనలో చాలామంది ఒక కంప్యూటర్ లోపలి భాగాన్ని మొదటిసారి చూసేది ఇంజనీరింగ్ కాలేజీలోనో, అదీ దూరం నుంచో. అలాంటి మిషను ఒకటి మన గదిలోకి వచ్చి, చప్పుడు చేసింది కాబట్టి బీరువాలోకి పోతే, పదవ తరగతి వాళ్లకు లాభం ఒక్క నెల, ఆరో తరగతి వాళ్లకు నష్టం అయిదేళ్లు. చప్పుడు తగ్గించే దారి లేకపోతే వేరే మాట. దారి ఉంది.

అందుకే వార్డెన్ గారి అనుమతితో మేము ఈ పనులు చేశాం. ముందు అద్దం తీసి నైలాన్ జాలీ బిగించాం. ముందున్న మూడు ఫ్యాన్లలో ఒకదాన్ని వెనక్కి మార్చి, గాలి బయటికి పోయేలా తిప్పాం. వైర్లన్నీ గాలికి అడ్డం రాకుండా వెనుకవైపు కట్టాం. పెట్టెను నేల మీద నుంచి, గోడ మూల నుంచి తీసి కిటికీ పక్కన బల్ల మీద, వెనుక జానెడు ఖాళీ ఉండేలా పెట్టాం. సాయంత్రం స్టడీ అవర్ మొదలయ్యేసరికి తక్కువ పవరు సెట్టింగు, ప్రాజెక్టు పనులకు మాత్రమే. ఆటలు ఆదివారం మధ్యాహ్నం, అదీ జాలీ తుడిచిన తర్వాతే. తుడిచేటప్పుడు ప్లగ్గు పూర్తిగా పీకాలి. ఫ్యాను రెక్కలను వేలితో పట్టుకుని బ్రష్షు కొట్టాలి, ఊది గిరగిరా తిప్పకూడదు, బేరింగు పాడవుతుంది. తడిగుడ్డ ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు.

లైట్ల వైరు పీకేశామని ఎనిమిదో తరగతి వాళ్లకు మా మీద కోపం. అది మళ్లీ తగిలించుకోవచ్చు, వైరు లోపలే ఉంది.

స్క్రూడ్రైవర్ ఒకటి, రెండంగుళాల పెయింటు బ్రష్షు ఒకటి కిటికీ పక్కన మేకు కొట్టి తాడుతో వేలాడదీసి వచ్చాం. అవి ఎవరి పెట్టెలోకీ పోకుండా చూసుకునే పని తొమ్మిదో తరగతి వాళ్లది.